దించిన గాండీవము, జారిన గాండీవము

మహాభారత కథలో గాండీవము అర్జునుని చేతిని వీడిన ఘట్టములు కొన్ని కలవు. వానిలో రెండింటిని ఒకదాని ప్రక్కన ఒకటి యుంచి చదువుట, ఏదియో తెలియని బరువుతో దినదినము క్రుంగిపోవు నేటి గృహస్థునకు మిక్కిలి ఉపకరించును.

మొదటిది విరాటపర్వారంభమున కలదు. పండ్రెండేండ్ల అరణ్యవాసము ముగిసినది. ఇక ఒక సంవత్సరము ఎవరికంటను పడక గడుపవలసి యున్నది. పాండవులు మత్స్యరాజు పట్టణము వెలుపల, శ్మశానమునకు చేరువనున్న ఒక గొప్ప శమీవృక్షము చెంత ఆగిరి. అర్జునుడు గాండీవపు నారిని విప్పెను. సోదరులును తమ విండ్ల నారులను సడలించిరి. ఆయుధములను ఆ జమ్మికొమ్మలలో భద్రపరచి, ఇతరులు దరిచేరకుండుటకై ఒక శవమునుగూడ అచ్చట కట్టిరి. పిదప అర్జునుడు బృహన్నలయై, రాజాంతఃపురమున బాలికలకు నృత్యగీతములు నేర్పుచు ఆ సంవత్సరమును గడపెను.

రెండవది భీష్మపర్వమునందలిది, భగవద్గీత ప్రథమాధ్యాయముగా సుప్రసిద్ధము. ఉభయసేనల నడుమ రథము నిలిచినది. ఎదుట తాతలు, గురువులు, మేనమామలు, సోదరులు నిలిచియున్నారు. అర్జునుని అవయవములు పట్టు దప్పెను, నోరెండిపోయెను, మేను వణకెను, చర్మము మండెను, మనసు గిరగిర తిరిగెను. గాండీవము చేతినుండి జారుచున్నదని అతడే కృష్ణునితో చెప్పుకొనెను.

మొదటి ఘట్టమున విల్లు దింపబడినది. రెండవ ఘట్టమున జారినది. చేయి అదియే, విల్లు అదియే. సకాలమున భారమును దించనేర్చినవాడు అవసరము కలిగినపుడు దానిని మరల ఎత్తుకొనగలడు. దించనేరనివాని చేతినుండి అది తనంత తానే జారును. అదియు, దాని అవసరము మిక్కిలిగా ఉన్న క్షణముననే జారును. కొయ్యవిల్లును ఎల్లవేళల నారి బిగించి యుంచినచో అది వంగిన వంపుననే నిలిచిపోయి బిగి కోల్పోవును. కావున పని లేనప్పుడు నారి విప్పుట విల్లును అలక్ష్యము చేయుట కాదు, కాపాడుట.

ఒక పట్టణమున చిన్న యుద్యోగి యొకడున్నాడనుకొందము. కన్ను తెరవగానే అతని చేయి సెల్‌ఫోనుకై తడవుకొనును. రాత్రి పైయధికారి పంపిన సందేశమును పండ్లు తోముకొనక మునుపే చదువును. పాలవాని బాకీ, పిల్లవాని బడి రుసుము, తల్లి మందులు, ఈ నెల కట్టవలసిన అప్పు వాయిదా, ఇవన్నియు కాఫీ చల్లారులోపల అతని మనసున ఒకసారి తిరిగివచ్చును. బస్సులో కూర్చుండి కార్యాలయమును గూర్చి ఆలోచించును. కార్యాలయమున కూర్చుండి ఇంటిని గూర్చి ఆలోచించును. సాయంకాలము ఇల్లు చేరినపుడు అయిదేండ్ల కూతురు తాను గీసిన బొమ్మను చూపవచ్చును. అతడు చూడడు, విసుగుకొనును. ఆ బిడ్డ బొమ్మను మడిచి దాచుకొనును. భార్య అన్నము వడ్డించును. ఏమి తిన్నాడో అతనికి తెలియదు. రాత్రి దీపమార్పిన పిమ్మట, పగటివేళ అధికారి ముఖమున కనబడిన చిరాకు జ్ఞప్తికి వచ్చును. ఆ చిరాకునుండి బదిలీ, బదిలీనుండి పిల్లల చదువు చెడుట, చదువు చెడుటనుండి వారి బ్రతుకే చెడుట, ఇట్లు ఒక గంటలో ఇరువదియేండ్ల కష్టమును ముందుగా అనుభవించి, తెల్లవారుజామున కొంత కునుకు తీయును.

ఈతడు దుర్మార్గుడు కాడు, సోమరి కాడు. బిడ్డలయందు ప్రేమ లేనివాడును కాడు. వారికొరకే ఇంత శ్రమ పడుచున్నానని అతని నమ్మకము. కాని ఆ శ్రమకు ఫలముగా వారికి దొరకుచున్నది విసుగుకొను తండ్రి. చేయు పని ఎనిమిది గంటలది; మోయు మోత ఇరువదినాలుగు గంటలది. ఈ వ్యత్యాసమునందే వ్యాధి యున్నది.

దేహము పలుకు సాక్ష్యము

అర్జునుడు చెప్పుకొన్న లక్షణములు కవి అలంకారమునకై కూర్చినవి కావు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున శరీరధర్మశాస్త్రాచార్యుడైన వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథమున, భయమును కోపమును కలిగినపుడు ప్రాణిదేహమున జరుగు మార్పులను వివరించెను. మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథులు ఒక ద్రవమును రక్తమున కలుపును. గుండె వడిగా కొట్టుకొనును, రక్తము జీర్ణాశయమును విడిచి కండరములవైపు మరలును, అరుగుదల మందగించును, రక్తమున చక్కెర పెరుగును. పోరాడుటకో పారిపోవుటకో దేహము చేసికొను సన్నాహమిది. నోరెండుట, రోమములు నిక్కుట, ఒడలు వణకుట దీనిలోనివే.

1936లో కెనడాలోని మాంట్రియల్ నగరమున పరిశోధనము చేయుచుండిన హాన్స్ సెల్యే అను వైద్యుడు 'నేచర్' పత్రికలో ఒక చిన్న లేఖ ప్రకటించెను. చలి, గాయము, మితిమీరిన శ్రమ, మందుల విషము, ఇట్టి వేర్వేరు బాధలకు గురియైన ఎలుకలలో ఒకే విధమైన చెరుపు కనబడినది: అడ్రినల్ గ్రంథులు ఉబ్బెను, జీర్ణాశయమున పుండ్లు పడెను. బాధ ఏదైనను దేహము చెల్లించు మూల్యము ఇంచుమించు ఒక్కటే యని ఆయన గ్రహించెను. లోహములపైనను దూలములపైనను పడు ఒత్తిడికి వాడబడుచుండిన 'స్ట్రెస్' అను మాట ఆయన రచనల మూలమున మానవజీవితమునకు అన్వయింపబడి లోకమంతట వ్యాపించినది.

అడవిలో పులిబారినుండి తప్పించుకొన్న లేడి కొంతసేపటికి మరల గడ్డి మేయును. దాని సన్నాహము పులితోడనే పోవును. మానవునకు పులి పోయినను పులిని గూర్చిన తలపు పోదు. అసలు రాని పులిని సైతము అతడు రప్పించుకొనగలడు. పక్కపై పండుకొన్న ఆ చిన్న యుద్యోగి గుండె, అధికారి ముఖము తలపునకు రాగానే, పులి ఎదుట నిలిచినట్లే కొట్టుకొనును. ఇది నిమిషములతో పోక నెలల తరబడి సాగినచో నిద్రలేమి, రక్తపుపోటు, అజీర్ణము ఒకటొకటిగా ఆ దేహమున నివాసమేర్పరచుకొనును.

పతంజలి యోగసూత్రములలో, మొదటి పాదమునందలి 31వ సూత్రము చిత్తవిక్షేపమునకు తోడుగా వచ్చువానిని నాల్గింటిని పేర్కొనినది: దుఃఖము, మనసు క్రుంగుట, అవయవముల వణకు, శ్వాస గతి తప్పుట. వీనిలో రెండు మనసువి, రెండు దేహమువి అనదగును. మనసు చెదరినదో లేదో తెలియనివాడు తన ఊపిరిని గమనించినచో తెలిసిపోవును. 34వ సూత్రమున ఆ ఊపిరినే వెలుపలికి విడుచుటయు నిలుపుటయు చిత్తమునకు నెమ్మది గూర్చు ఒక సాధనముగా చెప్పబడినది. గాలి లోనికి పీల్చునపుడు గుండె కొంచెము వేగము పుంజుకొనుననియు, విడుచునపుడు నెమ్మదించుననియు నేటి శరీరశాస్త్రము చెప్పుచున్నది. కావున దీర్ఘముగా, తొందరలేక ఊపిరి విడుచుట, అలజడి చెందిన దేహమునకు పులి పోయినదని కబురు పంపుట వంటిది. గుండెజబ్బు గలవారు మాత్రము ఊపిరి బిగబట్టు సాధనలకు తమంత తాము పూనుకొనరాదు. మెల్లగా విడుచుట వారికి చాలును.

ఉత్తరుని వణకు

విరాటపర్వమున మరియొక వణకు కలదు. ఈ పర్వము తెలుగువారికి ఆత్మీయమైనది. 13వ శతాబ్దమున తిక్కన సోమయాజి తన భారతరచనను దీనితోడనే ఆరంభించెను. వానలు కురియనపుడు ఊరివారు కూడి విరాటపర్వము చదివించుకొను ఆచారము తెలుగు పల్లెలలో ఉండెడిది. అందలి ఉత్తరుని కథ విని నవ్వనివారుండరు. నవ్వి ఊరకుండుట మాత్రము నష్టము.

త్రిగర్తరాజు సుశర్మ దక్షిణదిక్కున గోవులను పట్టగా విరాటరాజు సేనతో అటు వెడలెను. అదను చూచి కౌరవులు ఉత్తరదిక్కున గోవులను పట్టిరి. గోపాలకుడు వచ్చి ఆ వార్త చెప్పునప్పటికి కోటలో ఉన్నవాడు రాకుమారుడైన ఉత్తరుడు. అతడు అంతఃపురస్త్రీల నడుమ నిలిచి, తగిన సారథి దొరకినచో కౌరవులనందరిని గెలిచి గోవులను మరలింతునని పలికెను. బృహన్నల సారథియయ్యెను. రాజకన్యలు తమ బొమ్మలకు రంగురంగుల వస్త్రములు తెమ్మని వేడుకగా కోరిరి. కౌరవసేన కంటబడగానే ఉత్తరుని రోమములు నిక్కెను. విల్లు విడిచి, రథమునుండి దూకి పరుగెత్తెను. బృహన్నల వెంటబడి పట్టుకొనగా, బంగారమిచ్చెదను, మణులిచ్చెదను, ఏనుగులనిచ్చెదను, విడిచిపెట్టుమని ప్రాధేయపడెను.

ఆ బాలుని వణకించినది సేన యొక్కటియే కాదు. అంతఃపురమున తాను పలికిన మాటయు వణకించినది. తాను ఎట్టివాడనని చెప్పుకొనెనో అట్టివాడు కాడని అతనికి ఆ క్షణమున తెలిసిపోయినది. ఇట్టి వణకు నేటి ఇండ్లలో కొల్లగా నున్నది. బంధువుల యెదుట తల యెత్తుకొని తిరుగవలెనని తలకు మించిన అప్పుతో కట్టిన ఇల్లు, ఎదుటివారికన్న ఒక మెట్టు పైగా చేసిన పెండ్లి, తోటివాని కొడుకు చదివిన చదువే తన కొడుకును చదివి తీరవలెనన్న పట్టుదల, ఇవన్నియు ఉత్తరుడు అంతఃపురమున పలికిన మాటలే. పలికిన మాటను వెనుకకు తీసికొనుటకు సిగ్గు. ఆ సిగ్గుకు వెరచి మోయు బరువు రాతికన్న బరువు. దానిని పిల్లల నెత్తిపై మోపుట మరింత దారుణము. పరీక్షాఫలితములు వెలువడిన మరునాడు తెలుగునాట వార్తాపత్రికలు ఎట్టి వార్తలను మోసికొనివచ్చుచుండునో తల్లిదండ్రులు ఎరుగనిది కాదు.

మరి అర్జునుడు ఉత్తరునకు చేసిన చికిత్స యేమి? అతనిని ఇంటికి పంపలేదు. మరునాడు ఎల్లరి యెదుట తలవంపులు కలుగనీయలేదు. యుద్ధము తాను చేయుదుననియు, పగ్గములు పట్టుట మాత్రమే అతని పని యనియు చెప్పెను. జమ్మిచెట్టు కడకు కొనిపోయి, అతనిచేతనే ఆయుధములు దింపించి, తానెవరో తెలిపెను. తనవలన కాని పని తొలగిపోయి తనవలన అగు పని చేతికి రాగా, ఉత్తరుడు రథము తోలెను. అతని భయము ఒక్కమారుగా సమూలముగా పోయెనని కథ చెప్పదు. యుద్ధము ముదిరినపుడు, ఇక గుర్రములను నడుపలేనని అతడు మరల డీలాపడెను. అర్జునుడు మరల ధైర్యము చెప్పవలసివచ్చెను. ఈ చిన్న సంగతిని దాచక చెప్పుట వ్యాసుని సత్యసంధతకు నిదర్శనము. ఒకమారు తీరిన కలత మరల రారాదని ఆశించి, అది రాగానే తమ సాధన వ్యర్థమైనదని దుఃఖించువారు దీనిని గమనింపవలెను.

ఆనాడు ఆ రథముపైనుండి అర్జునుడు ఎదుర్కొనినది భీష్ముని, ద్రోణుని, కృపుని, అశ్వత్థామను, కర్ణుని, దుర్యోధనుని. కురుక్షేత్రమున అతని యెదుట నున్నదియు వారే. ఆనాడు అతడు ఒంటరి. సారథి భయపడిన బాలుడు. కురుక్షేత్రమున వెనుక ఏడు అక్షౌహిణులు, సారథి శ్రీకృష్ణుడు. ఎదుటివాని బలమే కలతకు కారణమైనచో వణకవలసినది గోగ్రహణమునాడు. ఇచ్చట ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. ఆనాడు భీష్మద్రోణులను చంపవలసిన అగత్యము లేదు. గురువు పాదములకడ బాణములు నాటి నమస్కరించి, సమ్మోహనాస్త్రముతో కౌరవులను మూర్ఛపుచ్చి, బాలికల బొమ్మలకు వస్త్రములను తెప్పించుకొని మరలిపోగలిగెను. కురుక్షేత్రమున అట్టి వెసులుబాటు లేదు. ఇది నిజమే. కాని అతడు వణకినది మొదటి బాణము విడిచిన పిమ్మట కాదు, విడువకముందు. వంశము నశించును, వంశముతో ధర్మము పోవును, ధర్మము పోగా పితరులకు పిండోదకములు లేకపోవునని, ఒకదాని వెంట నొకటిగా ఎన్నడో జరుగబోవువానిని కన్నులార చూచి అతడు కూలబడెను. ఆ చిన్న యుద్యోగి రాత్రివేళ కట్టు లెక్కకును దీనికిని నడక యొక్కటే.

ఉత్తరుని వణకు 'నేను' అను మాటనుండి పుట్టినది. అర్జునుని వణకు 'నావారు' అను మాటనుండి పుట్టినది. మొదటిదానికన్న రెండవది ఉదాత్తము. కావుననే దానిని గుర్తించుట కష్టము. గొప్పకై మోయు బరువును మానవుడు ఎప్పుడో ఒకనాడు సిగ్గుపడి దింపవచ్చును. ప్రేమకై మోయుచున్నాననుకొను బరువును దించుట పాపమని భావించును.

నిలిచిన రథము

శ్రీకృష్ణుడు ఆ వణకును మాన్పిన తీరులో కొన్ని సంగతులు చదువరుల దృష్టిని తప్పించుకొనుచుండును. మొదటిది, రథము నిలిచియుండుట. ఉపదేశమంతయు నిలిచిన రథముపైననే జరిగినది. రెండవది, వినుట. ప్రథమాధ్యాయమంతటను కృష్ణుడు పలికినది, ఎదుటనున్న కురువులను చూడుమని ఒక్క మాట మాత్రమే. అర్జునుడు తన బాధనంతయు వెళ్ళబోసికొని, విల్లు విడిచి కూలబడువరకు ఆయన అడ్డురాలేదు.

మూడవది మరింత ముఖ్యము. రెండవ అధ్యాయారంభమున కృష్ణుడు అర్జునుని మందలించెను; ఆ పిరికితనము అతనికి తగదని, లేచి నిలువుమని చెప్పెను. ఆ మందలింపుతో అర్జునుడు లేవలేదు. తిరిగి వాదించెను. పిమ్మట, తనకేమియు తోచుట లేదని, శిష్యుడనై శరణు జొచ్చితినని, దారి చూపుమని అడిగెను. యుద్ధము చేయనని చెప్పి ఊరకుండెను. అప్పుడు కృష్ణుడు నవ్వుమోముతో అసలు ఉపదేశమునకు ఉపక్రమించెను. సాక్షాత్తు కృష్ణుని మందలింపే పనిచేయనిచోట, క్రుంగిన భర్తను మగవాడవు కావా యనియు, అలసిన భార్యను ఇంటిపట్టున నుండుదానికి నీకేమి కష్టమనియు, కొడుకును పొరుగింటివానిని చూడుమనియు మందలించుటవలన ఏమి సమకూరును? గీతలో మందలింపు రెండు శ్లోకములు. ఓర్పుతో చెప్పిన ఉపదేశము పదునెనిమిది అధ్యాయములవరకు సాగినది. గృహస్థులు ఈ నిష్పత్తిని గుర్తుంచుకొనదగును.

ఇక ఆ యుపదేశమున నిత్యజీవితమునకు నేరుగా పనికివచ్చు భాగము, అర్జునుడు ఉత్తరునకు చేసిన పంపకము వంటిదే. పగ్గములు నీవి, పోరు నాది అని ఆనాడు అర్జునుడు పంచినట్లు, కర్మమునందు నీకధికారము, ఫలము నీ వశమున లేదని కృష్ణుడు పంచెను. ఫలమును ఆశింపవద్దనుట పనిని అశ్రద్ధగా చేయుమనుట కాదు. దుక్కి దున్నుట, విత్తుట, కలుపు తీయుట రైతు పనులు. వాన రైతు పని కాదు. నాగలి పట్టి ఆకసమువంక చూచుచుండువాని చాలు వంకరపోవును. కాగితమును తప్పులేక వ్రాయుట ఉద్యోగి చేతిలోనిది. అధికారి కనుబొమ్మలు అతని చేతిలోనివి కావు. బిడ్డకు తిండి, చదువు, మంచి నడవడి చూపుట తండ్రి పని. ఆ బిడ్డ ఇరువదియవ యేట ఏమగునో అది ఆ బిడ్డకును భగవంతునకును సంబంధించిన విషయము.

దీనిని విని, బయటి కష్టములన్నియు మనసు కల్పనలే యనుకొనుట పొరపాటు. యుద్ధమునకు ముందు అయిదూళ్ళైనను చాలునని పాండవులు సంధి కోరిరి. కృష్ణుడు తానే రాయబారిగా హస్తినాపురమునకు వెళ్ళెను. చేయదగిన బాహ్యప్రయత్నములన్నియు ముగిసిన పిమ్మటనే గీత వచ్చినది. అప్పు గలవాడు అప్పులవానిని తప్పించుకొని తిరుగక ఎదుట కూర్చుండి వాయిదాలు మాటలాడుకొనవలెను. అన్యాయము జరిగినచోట అర్జీ వ్రాయవలెను. నెలల తరబడి నిద్రపట్టనివాడును, బ్రతుకుపై ఆశ సన్నగిల్లినవాడును సిగ్గుపడక వైద్యుని చూడవలెను. గీతాపారాయణము ఔషధమునకు అడ్డురాదు.

గడపయొద్ద జమ్మిచెట్టు

నిత్యజీవితమున ఆ జమ్మిచెట్టు ఎచ్చటనున్నది? పూర్వపు తెలుగు లోగిళ్ళలో వాకిట నీళ్ళ గోలెము ఉండెడిది. బయటినుండి వచ్చినవాడు కాళ్ళు కడుగుకొనక గడప దాటెడివాడు కాడు. అది పాదముల దుమ్మునకై ఏర్పడినదే; కాని ఆ రెండు చెంబుల నీళ్ళు పోసికొను వ్యవధిలో సంత, కచ్చేరి, పొలము కొంత వెనుకబడి, మనిషి ఇంటివాడగుచుండెను. అంతస్తులపై అంతస్తులుగా పేర్చిన నేటి ఇండ్లలో గోలెమునకు చోటు లేదు. తలుపు తట్టుటకు ముందు ఒక నిమిషము నిలుచుటకు మాత్రము చోటున్నది. మెట్లపై నిలిచి మెల్లగా పది మారులు ఊపిరి విడుచుట, ఆనాడు చేసిన పనిని ఇష్టదైవమునకు అప్పగించుట, చేయక మిగిలిన పనిని చిన్న చీటిపై వ్రాసి సంచిలో నుంచుట, లోనికి పోయినంతనే ఫోనును ఒక అరలో పెట్టి చేతులు కడుగుకొనుట, ఇంతకన్న పెద్ద ఏర్పాటు అక్కరలేదు. చీటి వ్రాయుట కొందరికి నవ్వు తెప్పింపవచ్చును. ఎక్కడ మరతునో యన్న భయముచేతనే మనసు ఒకే విషయమును మరల మరల నెమరువేయును. కాగితమునకు అప్పగించినచో ఆ కాపలా దానికి తప్పును. విజయదశమినాడు జమ్మిచెట్టునకు ప్రదక్షిణము చేసి, పేర్లు వ్రాసిన చీట్లను కొమ్మలకు తగిలించు ఆచారము తెలుగునాట నేటికిని కలదు. ఏటేట ఒకనాడు చేయుదానిని ప్రతి సాయంకాలము చేసిన దోషమేమి?

దించుట యనగా ఊరక పడియుండుట కాదు. అర్జునుడు ఆ యేడాదిని నిద్రలో గడపలేదు. విల్లు పట్టిన చేతులతో బాలికలకు నృత్యము నేర్పెను. కాగితములనుండి మరలిన కన్ను కూతురు గీసిన బొమ్మపై నిలుచుట అట్టిది. ఫోనుపై ఒక దృశ్యమునుండి మరియొక దృశ్యమునకు అర్ధరాత్రివరకు జారుచుండుట మాత్రము నారి విప్పుట కాదు. నారిని పరులచేతికిచ్చి లాగుమనుట. గీత ఆరవ అధ్యాయమున కృష్ణుడు యోగికి అతిగా తినుట, అసలు తినకుండుట, అతిగా నిద్రించుట, అసలు నిద్రింపకుండుట, ఇవి నాలుగును పనికిరావని చెప్పెను. నిద్రనుగూర్చి భగవంతుడే పట్టించుకొనగా గృహస్థుడు పట్టించుకొనకుండుట వింత.

గృహిణి విషయము వేరు. ఆమెకు దాటుటకు గడప లేదు. గడపలోపలనే ఆమె కర్మక్షేత్రము. బయట ఉద్యోగము కూడ చేయుచున్నదైనచో ఆమెకు రెండు కర్మక్షేత్రములు, సున్న జమ్మిచెట్లు. కావున ఆమె నారి విప్పుటకు వలసిన వేళను ఇంటిలోని తక్కినవారు కల్పింపవలెను. సంధ్యాదీపము పెట్టిన పిమ్మట అరగంటసేపు ఆమెను ఎవరును ఏదియు అడుగరాదను నియమమును ఏ యింటనైనను పెట్టుకొనవచ్చును. ఆ అరగంటలో ఆమె పురాణము చదువునో, జపము చేయునో, ఊరక కూర్చుండునో, అది ఆమె యిష్టము. ఆ సమయమున పొయ్యిమీది పాలను చూచుకొనుట భర్తకు పెద్ద విద్య కాదు.

మోతలో మరియొక భాగము ఇతరుల మూలమున వచ్చునది. పతంజలి 33వ సూత్రమున దీనికి నాలుగు తోవలు చూపెను: సుఖముగా నున్నవారియెడ మైత్రి, దుఃఖితులయెడ కరుణ, పుణ్యవంతులయెడ ముదిత, తప్పుత్రోవ పట్టినవారియెడ ఉపేక్ష. తోటి యుద్యోగి కారు కొన్ననాడు ఇంటిలో అన్నము రుచింపకపోవుట ఎందరి అనుభవమో. అతని సుఖమును చూచి మిత్రునివలె సంతోషించినచో ఆనాటి అన్నము ఆనాటికి దక్కును. నాల్గింటిలోను ఉపేక్ష కష్టతమమైనది. తప్పు చేసినవానిని దిద్దవలసిన బాధ్యత తనదైనచో దిద్దవలెను. తనది కానిచో అతని తప్పును ఇంటికి తెచ్చుకొని రాత్రియంతయు విచారణ జరుపుట ఏ న్యాయస్థానమును కోరని చాకిరి.

సుఖము లభించినచో శాంతి దానంతట అదే వచ్చునని జనులు తలంతురు. ఇల్లు కొనగానే, అప్పు తీరగానే, కూతురి పెండ్లి కాగానే నెమ్మది కలుగునని వాయిదా వేయుచుందురు. గీత రెండవ అధ్యాయమున ఈ వరుస తలక్రిందులుగా నున్నది: శాంతి లేనివానికి సుఖమే లేదని అచ్చట చెప్పబడినది. త్యాగరాజస్వామి సామరాగమున పాడిన ప్రసిద్ధకీర్తన భావమును ఇదియే. ఇంద్రియనిగ్రహము గలవాడైనను, వేదాంతియైనను శాంతి లేనిచో సుఖము లేదని ఆయన తేల్చెను. ఇల్లు కొన్నవాడు మరునాటినుండి దాని పైకప్పును గూర్చి దిగులుపడుట చూచినవారికి ఈ వరుసయందు సందేహముండదు.

మరచిన ఉపదేశము

యుద్ధము ముగిసి, ధర్మరాజు రాజ్యమేలుచుండెను. అశ్వమేధపర్వమున, కృష్ణుడు ద్వారకకు మరలిపోవు దినములు దగ్గరపడగా, అర్జునుడు ఆయనను ఒక కోరిక కోరెను. యుద్ధారంభమున ఆయన ఉపదేశించినదంతయు తన మనసునుండి జారిపోయినదనియు, దానిని మరల వినవలెనని యున్నదనియు చెప్పెను. గాండీవము జారిన చేతికి తోడు, ఈసారి గీతయే జారినది.

కృష్ణుడు సంతోషింపలేదు. అంతటి ఉపదేశమును అర్జునుడు నిలుపుకొనలేకపోయినందుకు నొచ్చుకొనెను; దానిని ఉన్నదున్నట్లుగా మరల చెప్పుట తనకును శక్యము కాదనెను. అట్లని వెడలిపోలేదు. అర్జునుని కౌగిలించుకొని, ఒక పురాతనమైన కథతో, వేరొక త్రోవను, మొదటినుండి మరల చెప్పనారంభించెను.